చర్చికి వెళ్ళడం మానేశాను, ప్రార్థన మానలేదు. ఇప్పుడు నా మతం ఏమిటి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. తాతల కాలం నుంచి క్రైస్తవులం, బీసీ-సీ (ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళ వర్గం) సర్టిఫికెట్ ఉంది. నేను హిందూ అబ్బాయిని స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాను. హైదరాబాదులో ఉంటున్నాం. రోజూ తెల్లారగట్ల లేచి బైబిలు చదువుకుని ప్రార్థన చేసుకుంటాను. మా ఊరి సంఘంలో చందా బాకీ ఉన్నవాళ్ళ పేర్లు ఆరాధన మధ్యలో చదివారు. అందులో మా అమ్మ పేరు కూడా ఉంది. అప్పట్నుంచి నేను ఏ చర్చి గడపా తొక్కలేదు. అమ్మేమో "సంఘం లేకపోతే రేపు నన్నెవరు పూడుస్తారే" అని ఏడుస్తోంది. తమ్ముడికి మేనమామ కూతురితో సంబంధం కుదిరింది. మీ అక్క సంఘం ముందుకొచ్చి తప్పు ఒప్పుకుంటేనే పెళ్ళి చేస్తామని పెద్దలు అంటున్నారట. చర్చి మానేస్తే మళ్ళీ ఎస్సీలం అవుతామా అని వాడి అనుమానం. పాప స్కూలు ఫారంలో మతం గడి ఖాళీగా ఉంది. అత్తగారు వచ్చే నెల సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోమంటున్నారు. నమ్మకం వేరు, మతం వేరు అని నా మటుకు నేను అనుకుంటే సరిపోతుందా?

జవాబు: మీ ప్రార్థనకైతే సరిపోతుంది. దానికి పాస్టరుగారి సంతకం అక్కర్లేదు, చందా రసీదూ అక్కర్లేదు. కానీ మీ ఉత్తరంలో ప్రార్థన గురించి ఉన్నది ఒక్క వాక్యమే. మిగిలినదంతా సమాధి స్థలం, పెళ్ళి లైసెన్సు, కుల ధృవీకరణ, స్కూలు రిజిస్టరు, పీటలు. ఇవన్నీ మతం అనే ఒక్క మాట కింద పడి ఉన్నాయి కాబట్టి ఒకటే ముడిలా కనిపిస్తున్నాయి. నిజానికి ఒక్కొక్కటీ ఒక్కొక్కరి చేతిలో ఉంది. సమాధుల తోట తాళం ఒకరి దగ్గర, పెళ్ళి రిజిస్టరు ఇంకొకరి దగ్గర, సర్టిఫికెట్ తహసీల్దారు దగ్గర. సంఘంతో తేల్చుకోవాల్సినవి ఇందులో రెండే.

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. రాజ్యాంగం 25వ అధికరణం నమ్మే స్వేచ్ఛను ప్రతి మనిషికీ ఇచ్చింది. 26వ అధికరణం తమ మత వ్యవహారాలు తామే నడుపుకునే హక్కును మతశాఖలకు ఇచ్చింది. రెండూ ఢీకొన్నప్పుడు ఏమవుతుందో 1962లో దావూదీ బోహ్రాల కేసులో తేలింది. వెలివేతలను నిషేధిస్తూ బొంబాయి రాష్ట్రం 1949లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. మత కారణాలతో ఒకరిని బయట పెట్టడం ఆ శాఖ సొంత వ్యవహారమేనంది. అంటే మిమ్మల్ని ప్రభురాత్రి భోజనానికి (చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) పిలవాల్సిందేనని ఏ కోర్టూ సంఘానికి చెప్పదు. చర్చికి వచ్చి తీరాలని మీకూ ఎవరూ చెప్పలేరు. సంఘం పెద్దల మాట చెల్లేది సంఘం గోడల లోపలే.

ఇక అమ్మ భయం. అన్నిటికన్నా ఇదే అసలు సమస్య, తేలిగ్గా తీసుకోకండి. ఆవిడ అడిగింది దేవుడి గురించి కాదు, ఆరడుగుల నేల గురించి.

మీ ఊరి సమాధుల తోట ఎవరిదో ముందు తెలుసుకోవాలి. పల్లెల్లో ఇది మూడు రకాలుగా ఉంటుంది. సంఘం కొనుక్కున్న లేదా పూర్వం మిషనరీలు కొనిచ్చిన సొంత స్థలం ఒకటి. రెవెన్యూ రికార్డులో శ్మశాన పోరంబోకుగా ఉండి, వాడకంలో క్రైస్తవులకు మిగిలినది రెండోది. రెండు మూడు సంఘాలు కలిసి కమిటీగా నడిపేది మూడోది. సర్వే నంబరు తెలిస్తే అడంగల్‌లో, అంటే రెవెన్యూవాళ్ళ భూమి పద్దులో, వర్గీకరణ చూడొచ్చు. మీ గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో దొరుకుతుంది. పోరంబోకు అని ఉంటే అది ఊరి ఉమ్మడి భూమి. చందా బాకీ ఉందని అక్కడ గొయ్యి తవ్వనివ్వకపోవడానికి సంఘానికి హక్కు లేదు. ఎవరైనా అడ్డుపడితే పంచాయతీ కార్యదర్శికీ తహసీల్దారుకూ కాగితం పెట్టొచ్చు. సంఘం సొంత స్థలమైతే మాత్రం వాళ్ళ నియమావళే నడుస్తుంది. దాని నకలు ఒకటి సంపాదించండి. సభ్యుడంటే ఎవరు, ఎన్నాళ్ళ బాకీకి పేరు తీసేస్తారు, తీసేసేముందు నోటీసు ఇవ్వాలా అన్నవి అందులో ఉంటాయి. చాలా సంఘాల్లో పెద్దలకే ఆ పుస్తకం ఎక్కడుందో గుర్తుండదు. అడిగారంటే సగం బెదిరింపులు అక్కడే ఆగిపోతాయి.

ఇంకో మాట. అమ్మ సభ్యత్వం అమ్మది, మీ అలక మీది. ఈ రెంటినీ కలపడం వల్లే ఆవిడకు నిద్ర పట్టడం లేదు. ఆవిడ బాకీ ఎంతో కనుక్కుని ఆవిడ పేరు మీదే కట్టి, రసీదు ఆవిడ పేరుతోనే తీసుకోండి. "కుటుంబం తరఫున" అని రాయించుకోవద్దు. అలా రాస్తే రేపు తమ్ముడి బాకీ, మీ గైర్హాజరు అన్నీ ఆ పద్దులోకే వస్తాయి. ఆవిడ బాప్తిస్మపు సర్టిఫికెట్ లేకపోతే ఇప్పుడే సంఘం రిజిస్టరు నుంచి నకలు తీయించండి. కాగితం ఇలా రాస్తే చాలు: "నేను ఈ సంఘ సభ్యురాలిని. ఈ తేదీ వరకు నా చందా చెల్లించాను, రసీదు జతపరిచాను. నా మరణానంతరం సంఘ సమాధుల తోటలో భూస్థాపన చేయుటకు నా పేరు సభ్యత్వ రిజిస్టరులో కొనసాగుచున్నట్లు ధృవీకరించగలరు." కింద ఆవిడ సంతకమో వేలిముద్రో ఉండాలి. రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద ముట్టినట్టు సెక్రటరీ చేత సంతకం పెట్టించుకోండి.

బతికుండగానే ఇవన్నీ ఎందుకంటారా? ఈ బేరం మామూలుగా శవం ఇంట్లో ఉన్నప్పుడు జరుగుతుంది కాబట్టి. ఫ్రీజర్ పెట్టె అద్దె పెరుగుతూ ఉంటుంది, బంధువులు దిగుతూ ఉంటారు, పెద్దలు వరండాలో కూర్చుని పాత పుస్తకం తీస్తారు. ఆ గంటలో ఎవరైనా ఎంతంటే అంత కడతారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఒక పాస్టరు చనిపోతే సొంత ఊళ్ళో పూడ్చనివ్వలేదు. 2025 జనవరి 7 నుంచి శవం మార్చురీలోనే ఉంది. కొడుకు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. జనవరి 27న ఇద్దరు జడ్జీలూ చెరో మాట చెప్పి, చివరికి 20-25 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. మీ ఊళ్ళో గొడవ అంతదూరం పోదు. కానీ ముందే తేల్చుకోని భూమి తగాదా చావు రోజున ఎంత లాగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అమ్మ మీ దగ్గరే హైదరాబాదులో ఉంటే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: ఊరికి తీసుకెళ్ళాలా, ఇక్కడేనా? నగరంలోని క్రైస్తవ శ్మశానాల్లో చోటు తక్కువ. కుటుంబ సమాధి ఉన్నవాళ్ళు దాన్నే మళ్ళీ తెరిచి వాడుకుంటున్నారు. కాబట్టి ఆవిడ ఇష్టం ఇప్పుడే అడిగి రాసిపెట్టండి. ఎక్కడ జరిగినా మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించండి.

మీ సంగతేమిటని కూడా అడిగారనుకోండి. మీకు సంఘం అక్కర్లేదనుకుంటే మీ ఇష్టం కాగితం మీద పెట్టి మీ ఆయనకు చెప్పండి. శరీరదానం ఆలోచన ఉంటే ప్రభుత్వ వైద్య కళాశాల అనాటమీ విభాగంలో ఫారం ఇస్తారు. కానీ చివరి మాట ఇంట్లోవాళ్ళదే. వాళ్ళు ఒప్పుకోకపోతే కళాశాల బలవంతంగా తీసుకుపోదు. ప్రమాదంలో పోయి పోస్టుమార్టం జరిగిన శరీరాన్ని మామూలుగా తీసుకోరు. అందుకని రెండో దారి కూడా రాసి ఉంచాలి.

తమ్ముడి పెళ్ళి దగ్గర మీ ఆలోచన కాస్త మార్చుకోవాల్సి వస్తుంది. "మీరు చేయకపోతే రిజిస్ట్రారు ఆఫీసు ఉంది, మా అక్క చేసుకోలేదా" అని వాడు పెద్దల మొహం మీద అనేసి ఉంటాడు. మేనరికానికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. స్పెషల్ మ్యారేజ్ యాక్టు చివర ఉన్న పట్టికలో మేనమామ కూతురు, మేనత్త కూతురు ఇద్దరూ చేసుకోకూడని వరసల్లోనే ఉన్నారు. ఆచారం ఉంటే మినహాయింపు అని చట్టంలో ఉన్నమాట నిజమే. అయితే ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. సబ్ రిజిస్ట్రారు అడిగేది ఆ గెజిట్ కాగితాన్నే. మన ఇళ్ళలో వందలేళ్ళుగా నడుస్తున్న వరస, అన్ని మతాలకూ సమానంగా ఉండాలని రాసిన చట్టంలో తప్పు వరస అయి కూర్చుంది. మతం లేని దారే ఇక్కడ ఇరుకు.

వాడికి మిగిలింది 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం. మీ ఊరి సంఘమే చేయాలని అందులో లేదు. పెళ్ళి చేసే పాస్టరుకు ఆ చట్టం కింద అధికారం ఉండి, తన సంఘ నియమాల ప్రకారం మేనరికానికి ఒప్పుకుంటే చాలు. జాగ్రత్తగా చూడాల్సింది ఆ అధికారం సంగతే. కాలనీకో ఇండిపెండెంట్ సంఘం వెలిసింది. వాటిల్లో చాలామంది పాస్టర్లకు పెళ్ళి లైసెన్సు ఉండదు. అధికారం లేకుండా క్రైస్తవ పెళ్ళి చేయడం నేరం, పదేళ్ళ వరకు జైలు పడొచ్చు. ఆ శిక్ష మాట అటుంచండి. లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన పెళ్ళి సర్టిఫికెట్ వీసా దగ్గరో పెన్షన్ దగ్గరో చెల్లక కట్టుకున్నవాళ్ళు తిప్పలు పడతారు. లైసెన్సు నంబరు అడగండి, నకలు చూడండి, పెళ్ళి రిజిస్టరులో వధూవరులతోపాటు ఇద్దరు సాక్షుల సంతకాలు అక్కడికక్కడే పడేలా చూసుకోండి. తర్వాత పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు వేరే చేయించుకోవాలి. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం ఏ మతం పెళ్ళికైనా అది తప్పనిసరి. తేదీ పెట్టుకునేటప్పుడు ఈస్టరుకు ముందొచ్చే లెంటు చూసుకోండి, ఆ నలభై శ్రమదినాల్లో చాలా సంఘాలు పెళ్ళిళ్ళు చేయవు. ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదివే సంఘాలూ ఉన్నాయి కాబట్టి ఆ వ్యవధి కూడా కలుపుకోవాలి.

ఇక మీరు సంఘం ముందుకొచ్చి "ఒప్పుకోవడం" అనే షరతు. మీరు పెళ్ళికూతురూ కాదు, సాక్షీ కాదు. ఆ షరతుకు నియమావళిలో ఏ నియమం ఆధారమో రాసి ఇవ్వమని తమ్ముడిని అడగమనండి. రాతపూర్వకంగా అనేసరికి తొంభై పాళ్ళు వెనక్కి తగ్గుతారు. తగ్గకపోతే లైసెన్సున్న వేరే పాస్టరును చూసుకోవచ్చు. అయినా పిల్ల ఇంటివాళ్ళది కూడా అదే సంఘమైతే, ఒక ఆదివారం వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుని రావడం మీకు పెద్ద నష్టమా అన్నది కూడా ఆలోచించండి. క్షమాపణ చెప్పక్కర్లేదు. కనిపిస్తే చాలు అనుకునేవాళ్ళే పల్లెల్లో ఎక్కువ.

రిజిస్ట్రారు పెళ్ళి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాం. స్పెషల్ మ్యారేజ్ యాక్టుకు ముందు మన దేశంలో 1872లోనే ఇంకో సివిల్ వివాహ చట్టం వచ్చింది, ముఖ్యంగా బ్రహ్మసమాజం వాళ్ళ పట్టుదల వల్ల. దాని కింద పెళ్ళాడాలంటే "నేను హిందువును కాను, క్రైస్తవుణ్ణి కాను, ముస్లింను కాను" అంటూ వరసగా ప్రకటించాలి. ఇంట్లో ఏ దేవుణ్ణి మొక్కినా కాగితం మీద మాత్రం అన్నిటినీ వదులుకోవాలి. 1954 చట్టం ఆ షరతు తీసేసింది. అందుకే మీరు క్రైస్తవురాలిగా, ఆయన హిందువుగా ఉంటూనే దంపతులయ్యారు. కానీ ఆ సంతకంతో మీ ఆస్తి లెక్క మారింది. మీవంటి వేరువేరు మతాల జంటకు వీలునామా లేకపోతే భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. మీ ఆయనకేమైనా అయితే మూడోవంతు మీకు, మిగిలిన రెండు వంతులు పాపకు. హిందూ వారసత్వ చట్టంలో అయితే ఆయన తల్లికి కూడా వాటా ఉండేది, ఇక్కడ బిడ్డ ఉంటే ఆవిడకేమీ రాదు. ఆయన తన తల్లికి ఏదైనా దక్కాలనుకుంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో వీలునామా రాయాల్సిందే. వ్రతం కన్నా అత్తగారి మనసుకు ఈ కాగితమే ఎక్కువ చల్లదనం ఇస్తుందేమో.

ఎస్సీలం అవుతామా అన్న తమ్ముడి అనుమానానికి జవాబు: కాదు. చర్చి మానేసినంత మాత్రాన ఎవరూ ఎస్సీ అయిపోరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులే ఎస్సీలు. మొదట ప్రధానంగా హిందువులకే ఉండేది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఎస్టీలకు ఈ మత షరతు లేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళను, వాళ్ళ సంతతిని మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. తిరిగి ఎస్సీ హోదా కోరేవాళ్ళు మూడు చూపించాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది: పూర్వీకులు ఫలానా కులమని స్పష్టమైన రుజువు, పూర్వమతంలోకి తిరిగి వచ్చినట్టు ఆధారం, ఆ కులస్థులు తమలో కలుపుకున్నారన్న ఆధారం. ఇంట్లో కూర్చుని యేసుకు ప్రార్థిస్తూ చర్చి ఒక్కటే మానేస్తే ఈ మూడింట్లో రెండోది లేనట్టే. మనసులో ఒక మతం పెట్టుకుని రిజర్వేషన్ కోసం ఇంకో మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు అంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్న ఒక పాస్టరు పెట్టిన ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసును, ఆయన క్రైస్తవుడన్న కారణంతోనే కొట్టేసింది.

మతం మారితే కులం పోతుందా, మీ ఊరి వీధిలో పోయిందా అని మీరడిగితే, పోలేదనే చెప్పాలి. మూడో పేరా తీసేయమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. ఇదే విషయం మీద 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. ఉత్తర్వు మారేదాకా తమ్ముడు తన బీసీ-సీ కాగితాన్ని భద్రంగా ఉంచుకోవడమే మేలు. ఆ సర్టిఫికెట్‌కు ఆధారం మీ వంశం. ఆదివారం హాజరుతో దానికి పని లేదు. సంఘం పెద్దలకు దాన్ని రద్దు చేయించే శక్తి కూడా లేదు.

పాప ఫారం చిన్న విషయమే. గడి అడిగేది మతాన్ని, సంఘ సభ్యత్వాన్ని కాదు. ఖాళీగా వదిలేయవచ్చు, "మతం లేదు" అని రాయొచ్చు, మీ ఇద్దరిలో ఒకరిది రాయొచ్చు. మతం చెప్పమని ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టకూడదని 2014లో బొంబాయి హైకోర్టు అంది. జనన నమోదు దరఖాస్తులో మతం లేదు, కులం లేదు అనే గడి పెట్టమని 2023లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. స్కూలు గుమాస్తా "ఏదో ఒకటి రాయండి, కంప్యూటర్ తీసుకోదు" అంటే హెడ్‌మాస్టరుకు ఉత్తరం ఇవ్వండి. ఒక్క సంగతి ముందే మీ ఇద్దరూ మాట్లాడుకోండి. రేపు పాపకు కుల ధృవీకరణ కావాలంటే తండ్రి కులాన్ని మొదట చూస్తారు, కాదనాలంటే రుజువులు పెట్టాలి. అడ్మిషన్ రిజిస్టరులోనూ టీసీలోనూ ఒకటి, సర్టిఫికెట్ దరఖాస్తులో ఇంకొకటి ఉంటే తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

వ్రతం విషయం మీ ఆయన చేత చెప్పించండి, అదీ వారం ముందు. పంతులుగారు కలశం పెట్టాక చెబితే అది అవమానంగానే మిగులుతుంది. పీటల మీద దంపతులు కూర్చోవాలంతే. అత్తమామలే కూర్చోవచ్చు. మీరు వంటింట్లో ఉండి రవ్వ ప్రసాదం కలపడం, వచ్చినవాళ్ళకు వడ్డించడం ఇంటి కోడలి పని. సంకల్పంలో గోత్రం చెప్పి పూజలో కూర్చోవడం నమ్మకం పని. మొదటిది చేస్తాను, రెండోది చేయలేను అని గీత గీసి చెప్పండి. ప్రసాదం తినాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి తేల్చాలి. క్రైస్తవుల్లోనే దీనిమీద రెండు మాటలున్నాయి, మేం తీర్పు చెప్పం.

చందా పేర్లు చదవడం గురించి. అది తప్పు పద్ధతే. ముసలివాళ్ళను నలుగురిలో నిలబెట్టడం వసూలు కిందికి వస్తుంది, ఆరాధన కిందికి రాదు. అయితే వాళ్ళకా డబ్బు ఎందుకు కావాలో కూడా చూడండి. పాస్టరు జీతం, కరెంటు బిల్లు, పై సంస్థకు పంపాల్సిన వాటా ఆ చందాల్లోంచే రావాలి. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, లెక్కలు పెట్టాలి. అమ్మ సభ్యురాలు కాబట్టి అడిగే హక్కు ఆవిడకుంది. బాకీ చీటీలు ఇళ్ళకు పంపండి, బల్ల మీంచి చదవకండి అని ఆవిడే ఒక తీర్మానం పెట్టమనొచ్చు. ఆవిడతోపాటు ఆ రోజు పేరు చదివించుకున్న మరో నలుగురు సంతకం పెడితే పెద్దలు పక్కన పడేయలేరు.

మీ ఒంటరి ప్రార్థన గురించి చివరగా. సంఘంతో పడక బయటికొచ్చినవాళ్ళలో మీరు మొదటివారు కారు. లూథరన్ సంఘంలో పనిచేసిన ఎం. దేవదాసుగారు 1938లో రాజమండ్రిలో బైబిలు మిషన్ మొదలుపెట్టారు. ఇప్పుడు దానికీ పాస్టర్లున్నారు, ఏటేటా మహాసభలున్నాయి, కార్యాలయాలున్నాయి. బయటికొచ్చిన మొదటి తరానికి నమ్మకం చాలు. రెండో తరానికి పెళ్ళిళ్ళు కావాలి, చావులు వస్తాయి, పిల్లలకు పాటలు నేర్పేవాళ్ళు కావాలి, దాంతో మళ్ళీ రిజిస్టరు పుడుతుంది. మీరు జ్వరంతో పడుకున్నప్పుడు వచ్చి తలగడ పక్కన కూర్చుని ప్రార్థన చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. ఏదైనా జరిగితే ఆదరణ కూడిక (చావు ఇంటివాళ్ళను ఓదార్చే ప్రార్థన) పెట్టేవాళ్ళూ లేరు. ఆ లోటు మీకు తెలియడం మొదలయ్యాక సభ్యత్వం అడగని కుటుంబ ప్రార్థన కూడిక ఏదైనా దగ్గర్లో ఉందేమో చూడండి. నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో, పదిమంది లోపు, కానుక పళ్ళెం తిప్పనివి నగరంలో చాలా ఉన్నాయి. చేరేముందు రెండుసార్లు ఊరికే వెళ్ళి కూర్చోండి. రెండోసారికే ఫోను నంబరు, జీతం, సొంత ఇల్లా అద్దె ఇల్లా అని అడిగితే మూడోసారి వెళ్ళకండి.